బొమ్మకు సీసా పడితే ముద్దు, పాలిస్తే సిగ్గా?

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు మొదటి వారంలో తల్లిపాల వారోత్సవాల ఫొటోలు మీ పేపర్లో చూశాను. ర్యాలీ, బ్యానరు, జ్యోతి వెలిగించడం. ముప్పై ఏళ్లు ప్రభుత్వాసుపత్రి ప్రసూతి వార్డులో పనిచేశాను కనక అలాంటి ఫొటోల్లో నేనూ చాలాసార్లు నిలబడ్డాను, వాటిని వెక్కిరించను. అవి చూస్తుంటే మాత్రం ఒక బొమ్మ మీద మా ఇంట్లో జరిగిన రభస గుర్తొచ్చింది.

నిరుడు మా అమ్మాయి రెండో పురుడు పోయడానికి డల్లాస్ వెళ్లాను. పెద్ద మనవరాలికి ఐదేళ్లు. పక్క వీధిలో ఎవరో గరాజ్ సేల్ పెడితే మా అమ్మాయి దానికో పాత బొమ్మ తెచ్చింది. అట్టపెట్టె లేదు. బొమ్మతోపాటు చిన్న రవికలాంటిది ఒకటి, దాని ముందువైపు రెండు గుడ్డపువ్వులు. బొమ్మకు మారుగౌను కాబోలని తొడిగి చూశాం. వదులుగా జారిపోయింది. సోఫా వెనక పడేశాం. మూడో రోజు పిల్ల దాన్ని వెతికి తీసి తన గౌను మీదే తొడుక్కుంది. బొమ్మను ఎత్తుకోబోతే దాని మూతి పువ్వుకు ఆనింది. అంతే, బొమ్మ చప్పుడు చేస్తూ చప్పరించడం మొదలెట్టింది. పిల్ల ముందు హడలిపోయింది. ఎదుటి కుర్చీలో వాళ్లమ్మ అప్పుడు తమ్ముడికి పాలిస్తోంది. కాసేపు అటు చూసి, బొమ్మ తల కింద చెయ్యి సర్దుకుని, "ఉష్, నా పాపకి ఆకలేస్తోంది అమ్మమ్మా" అంది.

ఆ ఆదివారం అల్లుడి స్నేహితులు కుటుంబాలతో వచ్చారు. అందరూ మనవాళ్లే. "ఇదేం బొమ్మ ఆంటీ, ఆడపిల్ల చేత ఇలాంటి ఆటలా!" అని ఒకావిడ ముఖం చిట్లించింది. మగవాళ్లు టీవీకేసి తిరిగారు. అదే గదిలో ఆవిడ కూతురు ఇంకో బొమ్మకు సీసాతో పాలు పడుతోంది. వంచితే పాలు మాయమై, నిలబెడితే మళ్లీ నిండే సీసా. దాన్ని చూసి అందరూ ముచ్చటపడ్డారు. వాళ్లు వెళ్లాక మా అల్లుడు, పాపం మెత్తటి మనిషి, ఆ పువ్వుల రవికను ఫ్రిజ్ మీద పెట్టేశాడు. సాయంత్రం చూద్దును కదా, పిల్ల గౌను పైకెత్తుకుని ఎలుగుబంటి బొమ్మకు పాలిస్తోంది!

తర్వాత తెలిసింది, అది పేరుమోసిన బొమ్మేనని. స్పెయిన్‌లో బెర్హువాన్ అనే బొమ్మల కంపెనీ 2009 ప్రాంతంలో తెచ్చింది. అక్కడి పేరు బెబె గ్లోటోన్, అంటే తిండిపోతు పాపాయి. 2011 ప్రాంతంలో అమెరికాలో బ్రెస్ట్ మిల్క్ బేబీ పేరుతో, 89 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. పెద్ద గొడవే అయింది. ఫాక్స్ న్యూస్ చానల్లో బిల్ ఓరైలీ అనే వ్యాఖ్యాత తప్పుబట్టాడు. పిల్లలకు లేనిపోని ఆలోచనలు వస్తాయని కొందరు, చిన్నతనం పోతుందని కొందరు. ఏడాది గడిచినా దుకాణాలవాళ్లు ఆ బొమ్మను అరల్లో పెట్టుకోవడానికి వెనకాడారు.

అమెరికా వాళ్లకు ఈ విషయంలో మొదట్నుంచీ కాస్త తికమకే. డబ్బాపాల ప్రచారానికి పగ్గం వేస్తూ 1981లో ప్రపంచ ఆరోగ్య సభలో నియమావళి పెడితే 118 దేశాలు సరేనన్నాయి. వద్దని ఓటేసింది అమెరికా ఒక్కటే. తల్లి నలుగురిలో బిడ్డకు పాలిస్తే తప్పు కాదన్న చట్టం 50 రాష్ట్రాల్లోనూ పూర్తయ్యేసరికి 2018 వచ్చింది. అలాంటి చోట బొమ్మ మీద గొడవంటే అర్థం చేసుకోవచ్చు. మన తెలుగువాళ్ల ఇంట్లో అదే గొడవ జరగడమే నాకు మింగుడుపడలేదు. యశోద కృష్ణుడికి పాలిస్తుంటే పొయ్యి మీద పాలు పొంగిన కథ చెప్పి మరీ అన్నం తినిపించే ఇళ్లు మనవి. ఆ కథ చెప్పేటప్పుడు ఎవరికీ సిగ్గనిపించదు.

పువ్వు కనపడితే పిల్లకు బొమ్మ ఆకలి గుర్తొచ్చింది. చూసిన పెద్దవాళ్లకు వేరేదేదో గుర్తొచ్చింది. ఆ గుర్తుకు రావడం ఎవరి తప్పు?

ఆ బొమ్మను కొనమని నేను రాయడం లేదు. 89 డాలర్లంటే మన లెక్కలో వేలకు వేలు. బ్యాటరీ అయిపోతే అదీ మూగదే. నా చిన్నప్పుడు మేం దిండును ఒళ్లో పెట్టుకుని, అమ్మ పాతచీర కొంగు కప్పుకుని ఇదే ఆట ఆడాం, పైసా ఖర్చు లేదు. "ఆడపిల్లను ఊహ తెలియకముందే తల్లిని చేస్తారా?" అన్నవాళ్ల మాటను మాత్రం తోసిపుచ్చలేను. అందులో నిజముంది. అయితే ఆ మాట సీసా బొమ్మకూ వర్తించాలి, లక్కపిడతలకూ వర్తించాలి. మన ఇళ్లలో బొమ్మల పెళ్లిళ్లు చేశాం, మేళం పెట్టి, పప్పుబెల్లాలు పంచి. అదీ బాల్యవివాహాలు జరిగే ఊళ్లలో. అక్కడ నోరెత్తని మర్యాద ఇక్కడే ఎందుకు గుర్తొస్తుంది?

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలో వార్డు సంగతి చెబితే తెలుస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో తొలిచూలు బాలింతలకు పెద్దగా చెప్పాల్సి వచ్చేది కాదు. అరుగు మీద పిన్నో వదినో పాలివ్వడం చూసి పెరిగినవాళ్లు. రిటైరయ్యే నాటికి వచ్చే అమ్మాయిల్లో చాలామంది ఒక తల్లి పాలివ్వడం దగ్గర్నుంచి ఎన్నడూ చూడలేదు. బిడ్డను సీసాకు పట్టినట్టు వెల్లకిలా పడుకోబెట్టుకుంటారు. మెడ మాత్రం రొమ్మువైపు మెలితిప్పుతారు. మనల్ని మెడ పక్కకు తిప్పి నీళ్లు తాగమంటే తాగగలమా? బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆనాలి, చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా వీలైనంత నోట్లోకి పోవాలి. అది చెయ్యి పట్టి చూపించేలోపే "పాలు పడలేదు సిస్టర్, డబ్బా రాయండి" అని అత్తగారో తల్లో అడిగేది. మొన్నమొన్నటిదాకా ముర్రుపాలు పిండి పారబోసినవాళ్లనూ చూశాను.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 41.8 శాతమే. ఆసుపత్రికి వచ్చాక కూడా గంటలో పాలు పట్టించలేకపోయామంటే అందులో మా వంతు తప్పుంది. సిజేరియన్ బిడ్డను తల్లి దగ్గరికి చేర్చడానికి మేమూ ఆలస్యం చేశాం. కాకపోతే పాతికేళ్లపాటు చూడని పనిని ఆ గంటలో నేర్పడం అంత తేలిక కాదు.

పిల్లలు మాత్రం ఏం చూసి నేర్చుకుంటారు? జాతరలో బొమ్మల దుకాణానికి వెళ్లండి. పాపాయి బొమ్మ మూతికి సీసా పట్టేలా గుండ్రటి బెజ్జం ఉంటుంది. నిజం సీసాలకూ డబ్బాపాలకూ ప్రచారం చేయకూడదని మన దేశంలో 1992లోనే చట్టం వచ్చింది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. డబ్బా మీద బిడ్డ బొమ్మగానీ తల్లి బొమ్మగానీ వేయకూడదు. ఆటవస్తువుల జోలికి ఆ చట్టం పోదు, పొమ్మని నేనూ అడగను. కానీ పాపాయి అంటే సీసా అన్న పాఠం మూడేళ్లకే అయిపోతోంది.

ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం మా ఊరికి దగ్గర్లోని ఒక బస్టాండు. కిందటి నెల అక్కడ బస్సు కోసం కూర్చుంటే, నెలల పిల్లను ఎత్తుకుని ఒక అమ్మాయి "ఆంటీ, పాలిచ్చే గది ఎక్కడుందండీ?" అని అడిగింది. వెతుక్కుంటూ ఇద్దరం వెళ్లాం. మూత్రశాలల పక్కన ఉంది, తాళం వేసి. కిటికీ సందులోంచి చూస్తే లోపల చీపుళ్లు, విరిగిన కుర్చీ. తలుపు మీద గుర్తుగా పెద్ద పాలసీసా బొమ్మ గీశారు! తల్లి పాలివ్వడానికి కట్టిన గదికి, ప్రచారమే చేయకూడదని చట్టం చెప్పిన వస్తువు గుర్తు. ఆ అమ్మాయి గోడవైపు తిరిగి కూర్చుని పాలిచ్చింది. నేను నా పైట విప్పి పట్టుకున్నాను. పట్టుకోవాల్సి వచ్చినందుకు ఇప్పటికీ నాకు కోపంగానే ఉంది.

నలుగురిలో పాలివ్వడాన్ని తప్పుగా చూడొద్దని, ఇలాంటి గదుల సంగతి చూడమని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే రాష్ట్రాలకు చెప్పింది. గుర్తు కోసం వెతుక్కోనక్కర్లేదు. ఇలా సీసా బొమ్మలే కనిపిస్తున్నాయని 2006లో అమెరికాలో ఒక పత్రిక పోటీ పెడితే, బిడ్డను ఒడిలో పొదువుకున్న తల్లి రూపం ఒకటి తయారైంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అమెరికాది వద్దనుకుంటే మన ఏటికొప్పాకలోనో కొండపల్లిలోనో చెప్పండి, ఇంకా అందంగా గీసిస్తారు.

కాబట్టి నేను అడిగేది చిన్నదే. రెండు రాష్ట్రాల్లోనూ బస్టాండుల్లో, రైల్వే స్టేషన్లలో ఉన్న ఈ గదుల తలుపుల మీద సీసా చెరిపి తల్లీబిడ్డల బొమ్మ వేయించాలి. అంగన్‌వాడీ గోడల మీద కూడా పిల్లలకు కనపడే ఎత్తులో అలాంటిదొకటి ఉంటే బాగుంటుంది. రంగుడబ్బా ఖర్చు తప్ప ఏముంది? మీ విలేకరులను ఒకసారి బస్టాండులకు పంపి చూడమనండి. తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో కూడా అడగమనండి, ఆ రోజు మాకు ఎవరూ చెప్పలేకపోయారు.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్స్,
గుంటూరు జిల్లా