వార్షిక నివేదిక: యువజన విభాగం

సభ్యులందరికీ నమస్కారం.

మన యువజన కార్యక్రమాలను మొదటి నుంచీ చూస్తున్న సీనియర్ కార్యకర్త ఈ ఏడాది విరమణ తీసుకున్నారు. తల్లులూ, ఇప్పుడు వాళ్ల పిల్లలూ కూడా ఆవిడను 'అక్కా' అనే పిలుస్తారు. నివేదికలో పేరు వేయొద్దని ఆవిడే గట్టిగా చెప్పారు.

ముందు మామూలు పనులు. ఆగస్టు 12న అంతర్జాతీయ యువజన దినోత్సవం, డిసెంబరు 5న అంతర్జాతీయ వాలంటీర్ల దినోత్సవం జరిపాం. రక్తదాన శిబిరం, వేసవి శిక్షణ ఎప్పటిలాగే నడిచాయి. జమాఖర్చులు కోశాధికారి విడిగా సమర్పిస్తారు.

ఈ ఏడాది పెద్ద మార్పు కార్యవర్గంలో వచ్చింది. యువ సభ్యులు ఇద్దరికి ఓటు హక్కుతో చోటిచ్చాం. అక్క ఏళ్ల తరబడి అడుగుతున్నది ఇదే. తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతుంది. పిల్లల భాగస్వామ్యాన్ని పరిశోధకుడు రోజర్ హార్ట్ 1992లో యునిసెఫ్ ప్రచురణలో 8 మెట్ల నిచ్చెనగా చూపించారు. కింది మూడు మెట్లలో పిల్లలు కనబడతారు గానీ నిర్ణయంలో ఉండరు. అతిథులకు బొకేలు ఇప్పించడానికే పిల్లల్ని పిలిస్తే మనం రెండో మెట్టు మీదే ఉన్నట్టని అక్క ప్రతి మీటింగులోనూ అనేవారు. కొత్త సభ్యులు వస్తూనే ఉపన్యాస పోటీ వద్దని ఓటేశారు. పెద్దలు కొందరు నొచ్చుకున్నారు. తీర్మానం మాత్రం నెగ్గింది.

బాధ్యతల అప్పగింతే కష్టమైంది. రిజిస్టర్లు, తాళాలు ఒక్క పూటలో ఇచ్చేయొచ్చు, పిల్లల నమ్మకాన్ని అలా చేతిలో పెట్టలేం కదా. అందుకే కొత్త కార్యకర్తలను కొన్ని నెలలు ఆవిడ వెంటే ఉంచాం. సెషన్ అయ్యాక కుర్చీలు సర్దే పని ఆవిడ ఎవరికీ వదిలేవారు కాదు. గుండ్రంగా కూర్చున్నప్పుడు నోరు విప్పని కుర్రాడు, పక్కన నిలబడి కుర్చీలు మడుస్తూ ఇంట్లో గొడవ గురించి చెబుతాడు. మొహం చూడక్కర్లేదు కాబట్టి టెన్షన్ ఉండదు. అయితే 'ఎవరికీ చెప్పను' అని మాత్రం ఎన్నడూ మాటివ్వకూడదన్నది ఆవిడ ఖచ్చితమైన నియమం. ప్రాణానికో, ఒంటికో ముప్పుంటే సాయం చేయగలిగిన వారికి చెప్పక తప్పదు. ఆ సంగతి పిల్లలకు ముందే తెలియాలి. ఈ నియమాన్ని ఇప్పుడు రాతపూర్వకంగా ఆమోదించాం.

కొత్తవారు కుదురుకునే దాకా సెంటర్ వైపు రానని అక్క చెప్పారు. చిన్న చిన్న విషయాలకు ఆవిడకు ఫోన్ చేయొద్దని సభ్యులకు మనవి.