ఇంజిన్ అమ్మేటప్పుడు డెల్కోను విడదీయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మన గాజువాక ఆటోనగర్‌కు పాత ఇంజిన్ కోసం వెళ్లినవారు సాధారణంగా మూడు సంగతులు ఆరా తీస్తారు: కంప్రెషన్ ఎలా ఉంది, పొగ వస్తుందా, మన గేర్‌బాక్సుకు కూర్చుంటుందా. ఆ ఇంజిన్‌కు నిప్పురవ్వ ఏ సామానుతో, ఏ క్షణంలో అందాలి అన్న సంగతి మాత్రం ఇంజిన్ బండిలోకి దిగి మొరాయించాక గాని ఎవరికీ గుర్తురాదు. కొన్నేళ్ల క్రితం నాకూ అలాగే జరిగింది కనుక, ఈ విషయంలో కొనేవారికీ అమ్మేవారికీ నాలుగు మాటలు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా పాత పెట్రోలు జీపు ఇంజిన్ బ్లాకు పగిలితే, అదే తరహా ఇంజిన్ మరొకటి కొన్నాను. అమ్మినవారు ప్లగ్గులకు వంతులవారీగా రవ్వ పంచే దాని డిస్ట్రిబ్యూటరును (మన మేస్త్రీల భాషలో డెల్కో), రవ్వకు కావలసిన హెచ్చు వోల్టేజీ ఇచ్చే కాయిల్‌ను, ముందు పుల్లీని ఊడదీసి పక్కన పెట్టుకుని, "మీ పాతవి ఉన్నాయి కదా, అవే వేయించుకోండి" అన్నారు. ధర కొంత తగ్గింది కాబట్టి నేనూ మాట్లాడలేదు. బిగించాక టైమింగ్ లైటు (రవ్వ పడ్డప్పుడల్లా మెరిసి, అది ఏ క్షణంలో పడుతోందో చూపే దీపం) వేసి చూస్తే పుల్లీ మీది గీత ముల్లుకు ఎదురుగా చక్కగానే కనిపించేది. అయినా సింహాచలం కొండ ఎక్కుతుంటే రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఆడించినట్టు ఇంజిన్ కొట్టుకునేది, వేడి మీద సెల్ఫ్ కొడితే ఎదురు తన్నేది. నెల రోజులు నేను పెట్రోలు బంకును తిట్టుకున్నాను. చివరికి తేలింది ఏమిటంటే, పుల్లీ పాత ఇంజిన్‌ది, ముల్లు ఉన్న టైమింగ్ కవరు కొత్త ఇంజిన్‌ది. రెండింటి మధ్య పది డిగ్రీల దాకా తేడా ఉంది. లైటు చూపించినది ఆ గీతను మాత్రమే. పిస్టన్ నిజంగా ఎక్కడుందో దానికి తెలియదు కదా.

ఆ తేడాను పట్టుకునే పద్ధతి తేలికే గాని, ఓపిక కావాలి. బ్యాటరీ తీగ తీసేసి, ప్లగ్గులన్నీ విప్పి, ఒకటో సిలిండరు ప్లగ్గు రంధ్రంలో పిస్టన్‌కు అడ్డుపడే మొద్దు బోల్టును బిగించాలి. క్రాంకును (పిస్టన్లు తిప్పే ఇరుసును) చేత్తో మెల్లగా తిప్పుతూ పిస్టన్ బోల్టుకు ఆనినచోట పుల్లీ మీద సుద్దతో ఒక గీత, వెనక్కి తిప్పి మళ్లీ ఆనినచోట ఇంకొక గీత పెట్టాలి. ఆ రెండు గీతలకు సరిగ్గా మధ్యన ఉన్నదే అసలైన టీడీసీ, అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరే చోటు. ముల్లు అక్కడ లేకపోతే ముల్లునే మార్చుకోవాలి. ఏ రెండు ఇంజిన్ల ముందు భాగాలు కలిసినా, ఈ పని చేయకుండా టైమింగ్ పెట్టించుకోవద్దని నా సలహా.

ఇక డెల్కో సంగతి. క్రాంకు రెండు చుట్లు తిరిగితే డెల్కో ఒక చుట్టు తిరుగుతుంది. కాబట్టి డెల్కోలో అయిదు డిగ్రీల తేడా వస్తే క్రాంకు దగ్గర అది పది డిగ్రీలవుతుంది. బయటికి కవల పిల్లల్లా కనిపించే రెండు డెల్కోలలో రవ్వ సమయాన్ని సర్దే లోపలి బరువులు, స్ప్రింగులు, వ్యాక్యూమ్ డబ్బా వేరువేరుగా ఉండవచ్చు. అప్పుడు ఐడ్లింగులో టైమింగ్ సరిగ్గా ఉన్నా, వేగం పెరిగేకొద్దీ రవ్వ ముందుకో వెనక్కో జరిగిపోతుంది. తిరిగే దిశ, ఫైరింగ్ ఆర్డరు (సిలిండర్లకు రవ్వ అందే వరుస), కింది పళ్ల చక్రం కామ్‌షాఫ్టుతో కలిసే తీరు కూడా సరిపోవాలి. బండి పేరు ఒకటే కదా అనుకోవడం పెద్ద పొరపాటు. పాత 1489 సీసీ ఇంజిన్, తర్వాత వచ్చిన 1817 సీసీ ఇసుజు ఇంజిన్ రెండూ అంబాసిడర్‌లోనే వచ్చాయి, అయినా ఒకదాని డెల్కో రెండోదానికి పనికిరాదు. ముందు చక్రాలను తిప్పి నడిచే కారులో అడ్డంగా కూర్చునే ఇంజిన్‌ను తెచ్చి జీపులో నిలువుగా దించేవారు, సిలిండర్ హెడ్డు వెనుక చివర ఉండే డెల్కోకు ఫైర్‌వాల్ (ఇంజిన్‌కు, మనం కూర్చునే చోటుకు మధ్య గోడ) దగ్గర చోటు ఉందో లేదో టేపు పెట్టి ముందే కొలుచుకోవాలి.

కాయిల్ దగ్గర జరిగే తప్పు మరీ సామాన్యమైనది. పాయింట్లతో (డెల్కోలో కరెంటును తెంపే మీటతో) నేరుగా పనిచేసే 12 వోల్టుల కాయిల్ ప్రైమరీ చుట్ట నిరోధం సుమారు 3 ఓములు ఉంటుంది. కరెంటును తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టరుతో కలిపి వాడేది సుమారు 1.5 ఓములు. రెండోదాన్ని రెసిస్టరు లేకుండా పాయింట్లకు కలిపితే పాయింట్లు కాలిపోతాయి, కాయిల్ చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. ప్లగ్గు మర పొడవు కూడా చూడాలి. 12.7 మిల్లీమీటర్ల హెడ్డులో 19 మిల్లీమీటర్ల ప్లగ్గు బిగిస్తే అది పిస్టన్‌కు తగిలే ప్రమాదం ఉంది.

ఇంజెక్షన్ బండ్లలో డెల్కో పని కంప్యూటరు (ఈసీయూ) చేస్తుంది గనుక బాధ తప్పిందని కొందరు అనుకుంటారు. నా లెక్కన అక్కడ బాధ ఇంకా ఎక్కువ. పిస్టన్ ఎక్కడుందో తెలియడానికి సెన్సరు చదివే క్రాంకు చక్రం మీద అరవై పళ్ల చోట రెండు ఖాళీ ఉంచే పద్ధతి ఒకటి, ముప్పై ఆరు పళ్ల చోట ఒకటి ఖాళీ ఉంచే పద్ధతి ఇంకొకటి. ఒక లెక్కకు అలవాటుపడిన ఈసీయూకు రెండో చక్రం అర్థం కాదు. అందుకే సెన్సర్లు, ఈసీయూ, వైరింగ్, అసలు తాళం లేకుండా ఇంజిన్ కదలనివ్వని ఇమ్మొబిలైజర్ ఉంటే దాని తాళం చెవి కూడా ఒకే బండి నుంచి రావాలి. బైకుల్లోనూ ఇదే తంతు: ఇంజిన్‌తో తిరిగే మాగ్నెటో నుంచి కరెంటు తీసుకునే ఏసీ సీడీఐ (రవ్వ పుట్టించే డబ్బా) ఉన్నచోట బ్యాటరీ నుంచి తీసుకునే డీసీ సీడీఐ పెడితే రవ్వే రాదు. పైగా మన సముద్రపు గాలికి కనెక్టర్లలో పట్టే పచ్చటి చిలుమును ముందు గీకి చూడకుండా, మంచి సీడీఐలను చెడిపోయాయని పారేస్తున్నవారిని కూడా చూశాను.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. ఇంజిన్ మార్చితే 14 రోజుల్లోగా రవాణా అధికారులకు తెలియజేసి ఆర్సీలో నమోదు చేయించుకోవాలి. కనుక అదే కంపెనీ, అదే రకం ఇంజిన్‌కు కట్టుబడితే కాగితాల పని, టైమింగ్ పని రెండూ తేలికవుతాయి.

ఆటోనగర్ వ్యాపారులకు నా విన్నపం ఒక్కటే. ఇంజిన్ అమ్మేటప్పుడు డెల్కో లేదా ఈసీయూ, కాయిల్, ముందు పుల్లీ, టైమింగ్ కవరు విడదీయకుండా ఒకే సెట్టుగా ఇవ్వండి, బిల్లు మీద ఇంజిన్ నంబరుతో పాటు అది ఏ బండి నుంచి దించినదో కూడా రాయండి. విడిగా అమ్మితే నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయన్నది నిజమే. అయితే కొన్నవాడు అదే సామాను కోసం మళ్లీ మీ దుకాణాల చుట్టూనే తిరుగుతున్నాడు, నేను తిరిగినట్టు. కంచరపాలెంలోని ప్రభుత్వ ఐటీఐ వారు షెడ్డుల్లో పనిచేసే కుర్రాళ్ల కోసం ఆదివారాల్లో టీడీసీ పట్టుకోవడం, కాయిల్ ఓములు కొలవడం నేర్పితే బాగుంటుంది. ఒక మల్టీమీటరు, ఒక టైమింగ్ లైటు, ఒక మొద్దు బోల్టు ఉంటే ఆ పాఠానికి చాలు.

ఇట్లు,
ఒక పాత జీపు యజమాని,
మల్కాపురం, విశాఖపట్నం.