శ్రీనుగాడికి, డేనిష్ పుస్తకాల సంగతి

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం అందింది. నేను పంపిన డేనిష్ కవయిత్రి ఇంగర్ క్రిస్టెన్సన్ కవిత చదివి, "ఇదేం కవిత్వంరా, కిరాణా కొట్టు చీటీలా ఉంది, దీనికి అర్థం ఏం చెప్పమంటావు" అన్నావు చూడు, నవ్వాపుకోలేకపోయాను. తిడితే తిట్టావుగానీ సగం జవాబు నీ తిట్టులోనే ఉంది. అది చీటీయే. చీటీని చీటీలాగే చదవాలి. వెనకాల ఏదో గూఢార్థం దాచిందని గోకితే ఏమీ రాలదు.

ఆ పుస్తకం పేరు "ఆల్ఫబేట్", 1981లో వచ్చింది. మొదటి భాగం "ఏ" అక్షరంతో, ఒకే ఒక్క పంక్తి: ఆప్రికాట్ చెట్లు ఉన్నాయి అంటుంది, మళ్లీ అదే అంటుంది. "బి" భాగానికి రెండు పంక్తులు, "సి"కి మూడు, "డి"కి ఐదు, ఆపైన ఎనిమిది, పదమూడు. ముందు రెండూ కూడితే తర్వాతిది వస్తుంది. ఫిబొనాచ్చి వరస అంటారే, అది. ఇప్పుడు నువ్వు నోరెళ్లబెట్టాలి. కాలేజీలో కందం గణాలు బట్టీ పట్టించారు, గుర్తుందా? గగ, భ, జ, స, నల. గురువుకి రెండు మాత్రలు, లఘువుకి ఒకటి కదా, నాలుగు మాత్రల్ని గురులఘువులతో నింపడానికి ఉన్న దారులు ఆ ఐదే. మూడు మాత్రలకి మూడు దారులు, రెంటికి రెండు, ఒకటికి ఒకటి. ఐదు మాత్రలకి ఎనిమిది, కావాలంటే వేసి చూసుకో. ఫిబొనాచ్చి తన పుస్తకం రాసింది 1202లో. మన ఛందస్సు పండితులు విరహాంకుడు, హేమచంద్రుడు అంతకుముందే ఈ లెక్క తేల్చేశారు. క్రిస్టెన్సన్‌కి కందం తెలుసని నేననడం లేదు. ఆ లెక్క నీకు పరాయిది కాదు, అంతే.

"డి" భాగం మళ్లీ చదువు, డేనిష్‌లో అన్నీ "డి"తో మొదలయ్యే మాటలే. పావురాలు, కలలు కనేవాళ్లు, బొమ్మలు. వాటి సరసనే హంతకులు, డయాక్సిన్ అనే విషం, రోజులు, చావు, కవితలు. అన్నిటికీ ఒకటే మాట: ఉన్నాయి. ఎక్కువ తక్కువలు లేవు. కొంచెం ముందుకు పోతే అణుబాంబు కూడా "ఉంది". హిరోషిమా 1945 ఆగస్టు 6, నాగసాకి ఆగస్టు 9 అని తేదీలు వేసి, పోయినవాళ్ల, గాయపడ్డవాళ్ల లెక్క చెబుతుంది. ఆప్రికాట్ చెట్ల గురించి చెప్పిన గొంతే. ఎక్కడా పెంచదు. దీన్ని ప్రకృతి స్తోత్రం అనేవాళ్లున్నారు, నాకు మాత్రం మింగుడుపడదు. పొద్దుతిరుగుడు గింజల వరసల్లో కనబడే లెక్కలోనే బాంబు కూడా ఇమిడిపోయింది కదా, నాకు ఒళ్లు జలదరించింది అక్కడే. పుస్తకం 14వ అక్షరం "ఎన్" దగ్గర ఆగుతుంది. డేనిష్‌లో అక్షరాలు 29. అదే లెక్కన సాగితే చివరి అక్షరం ఒక్కదానికే 8,32,040 పంక్తులు కావాలి!

ఇక యాహ్యా హసన్ అనే డేనిష్ కవి. పాలస్తీనా శరణార్థుల కొడుకు. 2013లో, పద్దెనిమిదేళ్లకి, తన పేరే పెట్టి కవితా సంపుటి వేశాడు. మొత్తం పెద్దక్షరాలే, అంటే క్యాపిటల్ లెటర్లు. అప్పటికి అరవై లక్షల జనం కూడా లేని దేశంలో లక్ష ప్రతులు దాటి అమ్ముడైంది. బెల్టు దెబ్బలు, నాన్న, మతం, బాలనేరస్థుల వసతిగృహాలు, అన్నీ అందులో ఉన్నాయి. దాంతో వలసల మీద కొట్టుకునేవాళ్లలో చాలామంది దాన్ని సాక్ష్యపు కాగితంలా ఊపారు. కవిత్వాన్ని పోలీసు వాంగ్మూలంలా చదివితే ఇదే చిక్కు. అందులో "నేను" అనేవాడు కూడా దొంగతనాలు చేస్తాడు, తనని తాను వదలడు. తీర్పు చెప్పేవాడూ బోనులోనే ఉన్నాడు. ఆ సంగతి పట్టించుకోని వ్యాసాలన్నీ నాకు దండగ అనిపిస్తాయి. 2020లో పోయాడు, ఇరవైనాలుగేళ్లకే.

నవలలు అడిగావు కాబట్టి చెబుతున్నా. హెల్లె హెల్లె అనే రచయిత్రి నవలల జోలికి ఇప్పుడే పోకు, నీకంత ఓపిక లేదు. ఏమీ జరగనట్టే ఉంటుంది, అసలు విషయం ఎవరూ నోరు తెరిచి అనరు. సోల్వై బల్లె నవల్లో తారా సెల్టర్ అనే పాత పుస్తకాల వ్యాపారికి ఎప్పుడు నిద్రలేచినా నవంబర్ 18వ తేదీయే. దాన్ని ఏడు సంపుటాలుగా తలపెట్టింది మహాతల్లి! మూడింటికే 2022లో నార్డిక్ కౌన్సిల్ (ఉత్తర ఐరోపా దేశాల కూటమి) సాహిత్య బహుమతి ఇచ్చేశారు.

నీకు సరిపోయేది ఓల్గా రావ్న్. 2018లో వచ్చిన సన్న నవల, పేరు "ఉద్యోగులు". అంతరిక్ష నౌకలో పనిచేసేవాళ్లు కమిటీకి ఇచ్చుకున్న వాంగ్మూలాలే పుస్తకమంతా. ఒక్కోదానికో నంబరు, మధ్యలో కొన్ని నంబర్లు గల్లంతు. మాట్లాడుతున్నది మనిషో, తయారుచేసిన మనిషో ఒక్కోసారి తేలదు. గల్లంతైన నంబర్లలో ఎవరేం చెప్పి ఉంటారో ఊహించుకుంటూ చదువు. ఏటేటా నీ ఆఫీసులో అప్రైజల్ ఫారం నింపుతూ ఏడుస్తావు కదా, నాకన్నా నీకే బాగా ఎక్కుతుంది.

పుస్తకం కొరియర్ చేశాను. పెన్సిల్‌తో గీసుకో, పెన్ను పెట్టావో చంపుతా. అమ్మకి నా నమస్కారాలు చెప్పు. ఈసారి వచ్చేటప్పుడు, ఎప్పుడో పట్టుకెళ్లిన నా ఛందస్సు పుస్తకం పట్రా. ఐదు మాత్రల ఎనిమిదీ వెయ్యమంటే అది లేకుండా నీవల్ల కాదని తెలుసు.

నీ
రాంబాబు