పశువైద్యుణ్ణి నీళ్ళు రాకముందే పిలవండి: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారం.

మాది కోనసీమలో గోదావరి పాయల మధ్య ఒక లంక ఊరు, పాడి మీదే బతుకు. వరదలప్పుడు మనుషుల కోసం ప్రభుత్వం చేసే ఏర్పాట్లు 1977 దివిసీమ ఉప్పెన నాటితో పోలిస్తే ఎంతో మెరుగయ్యాయి, అందులో అనుమానం లేదు. కానీ పడవ వచ్చి ఎక్కమన్నా చాలామంది ఎందుకు ఎక్కరో తెలుసా అండీ? పాకలో పాలిచ్చే గేదె ఉంటుంది. దాన్ని వదిలి ఎక్కడికని పోతారు?

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటప్పుడు పశువుల్ని ఏ మెరకకు తోలాలి, అక్కడ ఎన్ని పడతాయి, మేత ఎక్కడి నుంచి వస్తుంది, ఇవన్నీ ముందే తేల్చాల్సినవి. తేల్చగలిగేది పశువైద్యుడే. మాకు మాత్రం ఆయన కనిపించేది నీళ్ళు తీశాక, కళేబరాలకు పోస్టుమార్టం చేయడానికి. ఆయన్ని తప్పుపట్టడం లేదు, ఒక్కో డాక్టరు చేతిలో ఎన్ని ఊళ్ళుంటాయో మీకే బాగా తెలుసు.

టీకాల సంగతే చూడండి. వరద తర్వాత గొంతువాపు, జబ్బవాపు విరుచుకుపడతాయి. టీకా వేశాక శరీరం తట్టుకునే స్థితికి రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, తుఫాను కబురేమో నాలుగైదు రోజుల ముందు వస్తుంది, అప్పుడు సూదులు పట్టుకుని పరిగెత్తితే ఏం లాభం? తొలకరికి ముందే అయిపోవాలి. పైగా కరెంటు పోతే ఫ్రిజ్‌లో టీకాలు పాడవుతాయి, తీరప్రాంత పశువుల ఆసుపత్రులన్నిటికీ జనరేటర్ ఉందో లేదో ఒకసారి కనుక్కోండి.

ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. ఆకలితో ఉన్న పశువులకు దాతలు జాలితో అన్నం, బియ్యం పెడతారు. గడ్డి తినే కడుపులో అది పులిసి ఆమ్లం పెరిగి, నీళ్ళలో మునగకుండా బతికిన గేదె మేత వల్ల చచ్చిపోతుంది. పునరావాస కేంద్రం దగ్గర పశువైద్యుడు ఒక్కరుంటే ఇది ఆపొచ్చు. మేత కంటే ముందు పలుపులు విప్పమని చెప్పేవాళ్ళు కావాలి, కట్టేసిన పశువు ఈదలేదు కదా.

పరిహారం మాట కూడా చెప్పాలి. కేంద్రం 2022-26 నిబంధనల్లో పాడి గేదెకు 37,500, గొర్రెకో మేకకో 4,000 రూపాయలు. ఆ డబ్బుతో మంచి ముర్రా గేదె రాదు, అది వేరే సంగతి. వరదలో కొట్టుకుపోయిన దానికి కళేబరం ఉండదు, కళేబరం లేకపోతే పోస్టుమార్టం లేదు, ఇక కాగితం ఎక్కడిది? చెవికి వేసిన 12 అంకెల ట్యాగు నంబరు రికార్డులో ఉన్నప్పుడు దాన్నే రుజువుగా తీసుకోవచ్చు కదండీ.

పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేస్తే వ్యాను వస్తుంది, మంచిదే, కానీ కాజ్‌వే మునిగాక వ్యాను ఎలా వస్తుంది? లంకలకు పశువైద్య సిబ్బందికంటూ ఒక పడవ కేటాయించండి. వర్షాకాలానికి ముందు కలెక్టరు గారు పెట్టే వరద సన్నద్ధత సమావేశానికి మండల పశువైద్యుల్ని పిలిచి, మెరకల జాబితా, మేత లెక్క వాళ్ళ చేతే రాయించండి. ఆ జాబితా జూన్‌లోపు మా ఊరి సచివాలయం గోడ మీద అంటిస్తారా? జవాబు కోసం చూస్తుంటాం.

ఇట్లు,
ఒక లంక ఊరి పాడి రైతు