మా మాన్యువల్ కారు గురించి, మీ లైసెన్సు గురించి

ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో మా దగ్గర డ్రైవింగ్ నేర్చుకుంటున్న తెలుగు కుటుంబాలకు నమస్కారం. వచ్చే నెల నుంచి కొత్తవారిని మాన్యువల్ (క్లచ్ తొక్కి మనమే గేర్లు మార్చే కారు) శిక్షణకు చేర్చుకోవడం లేదు; ఇకపై చేరేవారికి గేర్లు తనే మార్చుకునే ఆటోమేటిక్ కారులోనే నేర్పుతాను. ఇప్పటికే మాన్యువల్‌లో సగం దారి వచ్చినవారి సంగతి ఏమిటన్నది చెప్పడానికే ఇది రాస్తున్నాను. గంటకు ఎక్కువ రుసుము వస్తుందని నేనే ఆటోమేటిక్ వైపు తిరిగానని మనవాళ్లలో కొందరు అనుకుంటున్నారని తెలిసింది. ఆ మాట నన్ను నొప్పించింది కనుక జరిగింది జరిగినట్టు చెబుతాను.

నా మాన్యువల్ కారు లీజు (దీర్ఘకాలపు అద్దె) గడువు ముగియబోతోందని, ఆ కారును అద్దెకిచ్చిన సంస్థకే చాలా ముందుగానే కొత్త కారుకు ఆర్డరు ఇచ్చాను. అడిగింది చిన్న మాన్యువల్ కారు, నా వైపు కూడా క్లచ్, బ్రేకు పెడళ్లు అమర్చి ఇవ్వాలి. అంతకు మించి ఏమీ లేదు. మొదట కారు ఇంకా ఫ్యాక్టరీ నుంచి రాలేదన్నారు. తర్వాత వచ్చింది గాని పెడళ్లు బిగించేవారి దగ్గర వరుసలో ఉందన్నారు. ఆపైన ఫోను చేసిన ప్రతిసారీ ఎవరో కొత్త మనిషి పలికి, మొత్తం కథ నాచేత మొదటి నుంచి చెప్పించుకుని, కనుక్కుని చెబుతానని పెట్టేసేవారు. చివరకు లీజు ముగిసే వారంలో, మాన్యువల్ ఇవ్వలేము, ఆటోమేటిక్ అయితే వెంటనే పంపుతాము అంటూ రెండు వాక్యాల ఈమెయిల్ వచ్చింది. చిన్న మాన్యువల్ కార్లు తగ్గిపోతున్నాయని నాకూ తెలుసు. ఎంతోమంది శిక్షకులు ఇష్టపడి వాడిన ఫోర్డ్ ఫియెస్టా తయారీ 2023 జూలైలో ఆగిపోయింది. టొయోటా యారిస్‌ను ఇక్కడ హైబ్రిడ్‌గా, అంటే ఆటోమేటిక్‌గానే అమ్ముతున్నారు. తయారీదారులు అమ్మే కొత్త కార్లలో కాలుష్యం వెలువరించనివి 2026లో 33 శాతం, 2030 నాటికి 80 శాతం ఉండాలని బ్రిటన్ ప్రభుత్వం నిబంధన పెట్టింది, విద్యుత్ కారుకు క్లచ్ ఉండదు. ఇవన్నీ నిజాలే, కాని నా ఆర్డరు తీసుకున్న రోజున కూడా ఇవి నిజాలే. ఇవ్వలేమని ఆ రోజే ఒక్క మాట చెప్పి ఉంటే నేను వేరే చోట చూసుకునేదాన్ని.

అంతకంటే ఎక్కువగా మనసులో నాటుకున్నది వారి ఉద్యోగి ఒకరు ఫోనులో అన్న మాట. మీ దగ్గర నేర్చుకునేవారిలో ఎక్కువమంది మహిళలే కదా, వారికి ఆటోమేటిక్ చాలు కదా అన్నారు. ఊళ్లో స్కూటీ తప్ప మరొకటి ముట్టని గృహిణులు ఈ ఊరి గ్రిడ్ రోడ్ల (ఊరంతా గళ్లుగా వేసిన పెద్ద రోడ్ల) మీద గంటకు 70 మైళ్ల వేగం నుంచి గేర్లు దించుకుంటూ వచ్చి, రౌండబౌట్ దగ్గర కుడివైపు చూసి, ఆగకుండా రెండో గేరులో సాఫీగా లోపలికి వెళ్లడం నేను పక్క సీట్లో కూర్చుని చూశాను. ఎవరికి ఏది చాలో తేల్చే హక్కు కారు అద్దెకిచ్చేవారికి లేదు. నాకూ లేదు.

ఆ ఈమెయిల్ వచ్చాక సులువైన దారి ఒకటి కనిపించింది: అందరినీ కొత్త ఆటోమేటిక్‌లోకి ఎక్కించడం. నిబంధనలేవీ అడ్డురావు. నేర్చుకునేవారికి ఇచ్చే ప్రొవిజనల్ లైసెన్సు రెండింటికీ ఒకటే. పాసైన థియరీ టెస్టు రెండేళ్లపాటు రెండింటికీ చెల్లుతుంది. ప్రాక్టికల్ టెస్టు బుకింగ్ కూడా మార్చనక్కర్లేదు, ఆ రోజు ఏ కారు తీసుకువెళితే అందులోనే పరీక్ష జరుగుతుంది. ఇంత సులువు కాబట్టే నేను ఎటూ తేల్చుకోలేక చాలా మథనపడ్డాను. ఎందుకంటే మార్పు ప్రభావం టెస్టు ముందు కాదు, పాసయ్యాక తెలుస్తుంది. మాన్యువల్‌లో పాసైనవారు రెండు రకాలూ నడపవచ్చు. ఆటోమేటిక్‌లో పాసైతే లైసెన్సు మీద 78 అనే కోడ్ పడుతుంది, అప్పుడు మాన్యువల్ కారును ఒంటరిగా నడపడం చట్టవిరుద్ధం. మన దగ్గర గేరు లేని బండికి తీసుకున్న లైసెన్సుతో గేరు బండి నడపకూడదన్నట్టే ఇదీ. తర్వాత మాన్యువల్ కావాలంటే థియరీ మళ్లీ రాయనక్కర్లేదు గాని, మాన్యువల్ కారులో ప్రాక్టికల్ టెస్టు మళ్లీ పాసవ్వాలి. పనిదినాల్లో అయితే 62 పౌండ్ల రుసుము మళ్లీ కట్టాలి, తేదీ కోసం నెలల తరబడి మళ్లీ ఎదురుచూడాలి. నాకు కారు దొరకలేదన్న కారణంతో మీ లైసెన్సు మీద ఆ కోడ్ పడడానికి నేను ఒప్పుకోను.

అందుకని, ఆ సంస్థను మళ్లీ అడగడం నాకు ఎంత కష్టమైనా, పాత మాన్యువల్ కారునే ఎక్కువ అద్దెకు నెలనెలా పొడిగించుకున్నాను. టెస్టు తేదీ ఇప్పటికే చేతిలో ఉన్న ప్రతి మాన్యువల్ విద్యార్థినీ, విద్యార్థీ ఆ కారులోనే నేర్చుకుని, ఆ కారులోనే బ్లెచ్లీ టెస్టు సెంటర్‌కు వస్తారు. పెరిగిన అద్దె నాది, మీ గంట రుసుములో ఒక్క పెన్నీ పెరగదు. తేదీ ఇంకా దొరకనివారు మాత్రం ఇప్పుడు ఆలోచించుకోవాలి. వేరే మాన్యువల్ శిక్షకుల దగ్గరకు వెళతామంటే మిగిలిన గంటల డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తాను, ఎంతవరకు నేర్చుకున్నారో వారితో నేనే మాట్లాడతాను.

ఆటోమేటిక్‌కు మారడం కొందరికి నిజంగా మేలు. ఇంట్లో ఉన్నది హైబ్రిడో, విద్యుత్ కారో అయి, క్లచ్ మీది దిగులుతోనే అద్దాలు చూడడం మరిచిపోతున్నవారికి మారమనే చెబుతాను. కాని భారతదేశపు లైసెన్సుతో మొదటి 12 నెలలు ఇక్కడ మాన్యువల్ నడిపి, గడువు తీరి నా దగ్గరకు వచ్చినవారు మారితే, చేతిలో ఉన్న విద్యను వదులుకుని అంతకంటే తక్కువ లైసెన్సు తెచ్చుకున్నట్టవుతుంది. డెలివరీ వ్యాను పనికి వెళ్లాలనుకునే విద్యార్థులు, ఇంట్లో మాన్యువల్ కారునే ఇద్దరూ వాడుకోవాల్సిన దంపతులు కూడా తొందరపడవద్దు. ఆటోమేటిక్ అయితే సులువుగా పాసవుతామన్న ఆశతో మాత్రం ఎవరూ మారకండి. ప్రభుత్వ లెక్కల్లో ఆటోమేటిక్ టెస్టుల ఉత్తీర్ణత శాతం మాన్యువల్ కంటే తక్కువగానే ఉంది. ఈ దేశంలో ఎక్కువమంది ఫెయిలయ్యేది కూడళ్ల దగ్గర సరిగా గమనించకపోవడం వల్ల, దాన్ని క్లచ్ లేని కారు సరిచేయదు.

మారేవారు కొన్ని పాత అలవాట్లు మానుకోవాలి. ఆగబోయే ముందు ఎడమకాలు క్లచ్ కోసం వెతికి బ్రేకును బలంగా తొక్కితే కారు ఉన్నచోటే నిలిచిపోతుంది, వెనక వచ్చేవారికి ప్రమాదం. బ్రేకు వదలగానే బండి తనంతట తానే కదులుతుంది. ఇంజను శబ్దం విని గేరు మార్చే పని ఉండదు కాబట్టి 30 మైళ్ల పరిమితిలో వేగం తెలియకుండానే పెరుగుతుంది. ఈ కారణాల వల్ల మారిన ప్రతి ఒక్కరికీ మొదటి పాఠం ఖాళీ పార్కింగ్ స్థలంలో, నా ఖర్చుతో ఉంటుంది. మీరు మాన్యువల్‌కు కట్టిన గంటలు అదే ధరకు ఆటోమేటిక్‌లో చెల్లుతాయి. మారాక టెస్టు వాయిదా వేసుకోవాలనిపిస్తే, టెస్టు తేదీకి పది పూర్తి పనిదినాల ముందే ఆ మార్పు చేసుకోండి, లేకపోతే కట్టిన రుసుము పోతుంది.

మీ నిర్ణయం ఈ నెలాఖరులోగా నాకు తెలియజేయండి. "మీరెలా అంటే అలాగే అక్కా" అని మాత్రం పంపవద్దు. ఇంట్లో ఏ కారు ఉంది, వచ్చే రెండేళ్లలో ఏది కొనబోతున్నారు, ఉద్యోగంలో ఏ బండి నడపాల్సి రావచ్చు అన్న మూడింటికీ జవాబు రాయండి. అవి చూశాక మన తర్వాతి పాఠంలో పది నిమిషాలు పక్కన పెట్టి మాట్లాడుకుందాం. ఆ పది నిమిషాలు మీ గంటలో లెక్కపెట్టను.