మా లెక్కలు మాకు చూపించిన మేష్టారికి, నలుగురిలో ఒక నమస్కారం

అందరికీ నమస్కారం. మాది పలాస-కాశీబుగ్గ. మా మామగారు పెట్టిన చిన్న జీడిపప్పు యూనిట్‌ను ఇప్పుడు మా ఆయన, నేను చూసుకుంటున్నాం. రోజుకి ఎనిమిది బస్తాల పిక్కలు, అంటే పెంకుతో ఉన్న జీడిగింజలు, కటింగ్ అవుతాయి. ముప్పై మందికి పైగా పని చేస్తారు, ఎక్కువమంది ఆడవాళ్లే.

పోయిన ఏడాది ఆషాఢంలో, ఇక మూసేద్దామా అన్న మాట మా ఇంట్లో రెండుసార్లు వచ్చింది. ఆ మాట మళ్లీ రాకుండా చేసిన ఒక పెద్దమనిషి గురించే ఇదంతా రాస్తున్నాను. ఆయన శ్రీకాకుళంలో ఉంటారు, చిన్న వ్యాపారాలవాళ్లకి కోచింగ్ ఇస్తారు. తన పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు. మేమంతా మేష్టారనే పిలుస్తాం.

మా కష్టం ఏమిటో ముందు చెప్పాలి. మా ఉద్దానం ప్రాంతపు పిక్కలు మార్చి నుంచి మే దాకా వస్తాయి. ఏడాది మొత్తానికి కావలసిన సరుకు ఆ మూడు నెలల్లోనే కొనగలిగితే మంచిది, కానీ అంత డబ్బు చేతిలో ఉండదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా తోటల్ని ఎలా కూల్చేసిందో ఇక్కడివాళ్లెవరికీ చెప్పక్కర్లేదు. మాకు సరుకిచ్చే రైతుల్లో చాలామందికి ఆ తర్వాత కాపు తగ్గిపోయింది. తక్కువపడిన సరుకుకి ఆఫ్రికా పిక్క కొనాలి, దానికి రొక్కం కావాలి. బ్యాంకు ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) పరిమితి నిండిపోయింది. పప్పు తీసుకెళ్లిన పార్టీల దగ్గర ఇరవై ఆరు లక్షలు ఉండిపోయాయి. పని ఆగింది లేదు, లారీలు కదులుతూనే ఉన్నాయి, డబ్బు మాత్రం కనబడదు.

అప్పుడు మా ఆడపడుచు భర్త ఈ మేష్టారి సంగతి చెప్పారు. నెలకి ఎనిమిది వేలు ఫీజు, పదిహేను రోజులకోసారి వస్తారు. మా ఆయన ఒప్పుకోలేదు. "ముప్పై ఏళ్ల నుంచి చేస్తున్న పని, ఎవరో వచ్చి మనకి నేర్పేదేమిటి?" అన్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. మేష్టారు కూడా మొదటి రోజే అదే అన్నారు: "జీడిపప్పు గురించి నాకు ఏమీ తెలియదు బాబూ. మీకు తెలిసినదాన్ని కాగితం మీద పెట్టిస్తాను, అంతే."

మొదటి ప్రశ్న ఏం వేశారంటే, "ఒక బస్తాకి ఎంత పప్పు దిగుతోంది?"

ఇరవై, ఇరవై రెండు కిలోలు అన్నాం. ఎనభై కిలోల బస్తాకి ఈ ఊళ్లో ఎవరిని అడిగినా అదే చెబుతారు. "మీ బస్తాకి, నిన్న?" అన్నారు. మా దగ్గర జవాబు లేదు. మేం అన్నీ కలిపి ఉడికించి, కలిపి కోసి, కలిపి గ్రేడింగ్ చేసేవాళ్లం. ఏ రైతు పిక్కకి ఎంత దిగిందో, ఏ లాటులో ఎంత విరిగిందో ఎప్పుడూ విడిగా చూడలేదు.

ఆ వారం ఒక్క బస్తాను వేరుగా పెట్టి మొదటి నుంచి చివరిదాకా తూకం వేయించారు. పప్పు ఇరవైన్నర కిలోలు దిగింది. అందులో నిండు పప్పు పదమూడు కిలోలే. మిగతా ఏడున్నర కిలోలు బద్దలు, ముక్కలు. తెలియనివారికి చెప్పాలంటే, మా సరుకులో ధరంతా పప్పు నిండుగా ఉండటంలోనూ, సైజులోనూ ఉంటుంది. 240 అంటే ఒక పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, 240కి మించని పప్పు. 320 అంటే దానికన్నా చిన్నది. పప్పు పగిలిందంటే ఎంత పెద్ద గింజయినా బద్ద కిందే లెక్క. ఆ రోజుల్లో మా దగ్గర నిండు పప్పుకి, బద్దకి కిలోకి సగటున ఎనభై రూపాయల తేడా ఉంది.

ఎందుకింత విరుగుతోందని మమ్మల్ని అడిగారు. పిక్క మంచిది కాదని మా ఆయన, కటింగ్‌లో తేడా ఉందని నేను చెప్పాం. మేష్టారు లేచి, పొట్టు తీసే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి నేల మీద కూర్చున్నారు. మేమూ వెనకాలే వెళ్లాం. ఆ గుంపులో పెద్దావిడ ఒకామె ఉంది, మా అత్తగారి కాలం నుంచి పని చేస్తోంది. ఆవిణ్ణి అడిగారు: "అమ్మా, పప్పు ఎక్కడ విరుగుతోందంటావు?"

కోసిన పప్పును బోర్మా అనే వేడి గదిలో ఆరబెట్టాక పొట్టుకి ఇస్తాం. ఆవిడ చేతిలో పప్పు ఒకటి తీసి చూపించింది. "ఇది సూడండి బాబూ. బోర్మాలో కాసేపు ఎక్కువుండిపోతంది. సల్లారకుండానే తెచ్చి మా ముందర పోసేత్తారు. గీకితే పటుక్కుమని ఇరిగిపోతంది. కొంచెం సల్లారి, మెత్తబడనిత్తే పొట్టు దానంతటదే వొచ్చేత్తది." అని కత్తి మొన ఆనించింది. పప్పు రెండుగా చీలిపోయింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"ఈ సంగతి ఇంతకుముందు చెప్పలేదా అమ్మా?" అంటే, "మమ్మల్నెవులడిగినారు బాబూ?" అంది.

మా ఆయన ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు. ఎన్నో ఏళ్లుగా మా పక్కనే ఉన్న మనిషిని ఒక్కసారైనా అడగలేదన్న బాధ అది. మర్నాడు తనే వెళ్లి ఆవిడతో మాట్లాడారు. బోర్మా ట్రేలు ఎప్పుడు తీయాలో ఆవిడని పక్కన పెట్టుకుని నిర్ణయించారు. చల్లారాక గాలిలో కొంచెం తేమ పట్టేదాకా ఆగి, అప్పుడే పొట్టుకి ఇవ్వడం మొదలుపెట్టాం. రెండు నెలలు తిరిగేసరికి నిండు పప్పు బస్తాకి పదిహేను కిలోలకి వచ్చింది. రెండు కిలోలు పెరిగితే బస్తాకి నూట అరవై రూపాయలు. రోజుకి ఎనిమిది బస్తాలు, నెలకి పాతిక రోజులు, మొత్తం ముప్పై రెండు వేలు. మేం కొత్తగా కొన్నది ఏమీ లేదు. ఆ డబ్బులోంచి పొట్టు తీసేవాళ్లకి కిలో కూలి పెంచాం. అది మేష్టారు చెప్పింది కాదు, మా ఆయన నిర్ణయం.

బాకీల విషయంలో కూడా అంతే, మా తరఫున ఆయన ఎవరికీ ఫోన్ చేయలేదు. పార్టీ పేరు, బిల్లు తేదీ, ఎన్ని రోజులైంది అని వరసగా రాయించారు. మాకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఉంది, కానీ ఆ నంబరు బిల్లు మీద వేయాలనే ఆలోచనే లేదు. చిన్న తయారీదారు దగ్గర సరుకు కొంటే రాతపూర్వక ఒప్పందం లేనప్పుడు 15 రోజుల్లో, ఉంటే ఎంత లేదన్నా 45 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం చెబుతోందట. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో. పైగా 2024 ఏప్రిల్ నుంచి వచ్చిన ఆదాయపు పన్ను నిబంధన ప్రకారం గడువులోగా కట్టకపోతే, కట్టేదాకా కొన్నవాళ్లు ఆ మొత్తాన్ని ఖర్చుగా చూపించుకోలేరు. ఇవన్నీ మేష్టారు చదివి వినిపించి, "ఇది ఆయుధంలా వాడతారా, మర్యాదగా గుర్తు చేస్తారా మీ ఇష్టం. వీళ్లతో రేపు కూడా వ్యాపారం చేయాల్సింది మీరే" అన్నారు. మేం మర్యాదగానే వెళ్లాం. ఉద్యమ్ నంబరు, గడువు తేదీ బిల్లు మీద పెద్ద అక్షరాల్లో వేశాం. పాత బాకీలకి ఒక్కొక్కరికీ ఉత్తరం రాశాం. ఇరవై ఆరు లక్షల్లో పంతొమ్మిది దీపావళిలోపే చేతికొచ్చాయి. ఒక పార్టీ మాత్రం ఇప్పటికీ ఇవ్వలేదు, దాని మీద ఫిర్యాదు పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నాం.

ఇరవై రెండు లక్షల ఆటోమేటిక్ కటింగ్ మిషన్ కొందామని మాకు అప్పటికే బలంగా ఉంది. ఆహార శుద్ధి యూనిట్లకి కేంద్రం ఇచ్చే పీఎంఎఫ్ఎంఈ పథకంలో 35 శాతం, పది లక్షలు మించకుండా సబ్సిడీ వస్తుందని కాగితాలు కూడా సిద్ధం చేసుకున్నాం. వద్దని మేష్టారు అనలేదు. "ఏడు లక్షల డెబ్బై వేలు వాళ్లిస్తారు. మిగతాది ఏ నెల ఎంత, ఎక్కడి నుంచి కడతారో రాయండి" అన్నారు. రాశాం. రాశాక మాకే అర్థమైంది, బాకీలు అలా బయట ఉండగా వాయిదా కట్టలేమని. పక్కన పెట్టాం. వచ్చే ఏడాది మళ్లీ ఆ కాగితం తీస్తాం.

ఇంకో సంగతి నాకు బాగా తగిలింది. ఇంటికి, చుట్టాలకి, పెళ్లిళ్లకి యూనిట్ నుంచి పప్పు తెచ్చేదాన్ని. మనదే కదా, రాసేదేముంది? మేష్టారు ఒక్క నెల రాయమన్నారు. ముప్పై ఒక్క కిలోలు తేలింది. పాతిక వేల దాకా అవుతుంది. ఇవ్వడం మానేయమని ఆయన అనలేదు. మా ఇద్దరికీ యూనిట్ నుంచి నెలకి చెరో ఇరవై వేలు జీతం రాసుకోమన్నారు, ఎవరికి ఏమిచ్చినా అందులోంచే ఇమ్మన్నారు. పెళ్లయిన పంతొమ్మిదేళ్లకి నా పేరు మీద ఒక జీతం పద్దు పడింది. ఆ పుస్తకం నేనే రాస్తున్నాను.

ఇలాంటి కోచింగ్ తీసుకోవాలా అని అడిగేవాళ్లకి నా అనుభవం చెబుతాను. పిక్క ధర ఆయన చేతిలో లేదు, వాన ఆయన చేతిలో లేదు, అలాంటి భరోసాలు ఇచ్చేవాళ్లయితే నమ్మకండి. కానీ రోజూ కళ్లెదుట ఉండి మనం చూడనిదాన్ని చూడమని కూర్చోబెట్టి, పదిహేను రోజులకి మళ్లీ వచ్చి "చేశారా?" అని అడిగే మనిషి ఉండటం చాలా పెద్ద బలం. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడం కోసమైనా మేం పని పూర్తి చేసేవాళ్లం. పది నెలల్లో ఒక్కసారి కూడా ఆయన రావడం మానలేదు. తుపాను హెచ్చరిక ఉన్న రోజున కూడా పొద్దున్నే బస్సెక్కి కాశీబుగ్గలో దిగారు.

మేష్టారూ, మీకు, మీ ఇంటివారికి మా ఇంటిల్లిపాది తరఫున చేతులెత్తి నమస్కారం. మా పొట్టు గుంపు పెద్దమ్మకి కూడా ఇక్కడే నమస్కారం, ఆవిడ మనవరాలు ఇది చదివి వినిపిస్తానంది.

పోయిన గురువారం ఆయన చివరిసారి వచ్చినప్పుడు రెండు కిలోల 240 ప్యాక్ చేసి చేతికిచ్చాను. పుచ్చుకోలేదు. "ముందు పుస్తకంలో రాయి తల్లీ, ఏ పద్దులో రాస్తావో చూస్తాను" అన్నారు. ఆయన ముందే కూర్చుని రాశాను: మేష్టారికి, రెండు కిలోలు, నా జీతంలో నుంచి. చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, సంచిలో పెట్టుకున్నారు.