ఇంటి దగ్గర చదువుకునే పిల్లలకు లెక్కల పుస్తకాల ఎంపిక

అందరికీ నమస్కారం. లెక్కలకు ఏ పుస్తకాలు తీసుకోవాలని చాలామంది అడుగుతున్నారు. కొనే ముందు పిల్లల స్థాయి చూడండి. వయసును బట్టి, తరగతిని బట్టి ఎంచుకోవద్దు.

403లోంచి 178 తీసివేయమనండి. 225 అని చెప్పగానే సంతోషపడి వదిలేయకండి, అదే లెక్కను పుల్లలతో చేసి చూపించమనండి. వంద పుల్లల కట్ట విప్పి పదేసి పుల్లల కట్టలుగా చేసి, అందులో ఒకదాన్ని మళ్లీ విప్పగలిగితే స్థాన విలువ పట్టుబడినట్టే. అక్కడ తడబడితే నాలుగో తరగతి పుస్తకం అప్పుడే వద్దు.

ఆరో తరగతికి నా ఓటు ఎన్‌సీఈఆర్‌టీ వారు 2024లో తెచ్చిన 'గణిత ప్రకాశ్'కే. రుణ సంఖ్యలను లిఫ్టులో పైకీ కిందికీ వెళ్లే అంతస్తులతో చెప్పిన తీరు నాకెంతో నచ్చింది. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. చిన్నపిల్లలకు సింగపూర్ పద్ధతి బాగుంటుంది: ముందు వస్తువులు, తర్వాత బొమ్మలు, ఆ తర్వాతే అంకెలు. ఖరీదైన కిట్లు అక్కర్లేదు, చింతగింజలు చాలు.

పరీక్ష సంగతికి వస్తే, బడికి వెళ్లకుండానే పరీక్షలు రాయగలిగే జాతీయ సార్వత్రిక పాఠశాల ఎన్‌ఐఓఎస్‌లో ఎ, బి, సి స్థాయులు వరుసగా 3, 5, 8 తరగతులకు సమానం. పదో తరగతి కోర్సులో చేరాలంటే 14 ఏళ్లు నిండాలి. అప్పటిదాకా సిలబస్ వెంట పరుగెత్తించకండి, దయచేసి. భిన్నాల దగ్గర నెల రోజులు ఆగినా ఫరవాలేదు.

మీ పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో నోటుపుస్తకం పేజీ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. కలిసి చూద్దాం.